నాలుగో నంబరు నెత్తురు

నేను చేసే పని ఏమిటని మా అత్తగారు ఫోన్లో అడిగినప్పుడల్లా బజ్జీల గురించి చెప్తాను. కంటికి కనపడనంత చిన్న రేణువు ఒకటి తయారుచేస్తాం, దాని లోపల మందు పెడతాం, రక్తంలో వదుల్తాం. వదిలిన క్షణంలోనే రక్తంలోని ప్రొటీన్లు వచ్చి దాని చుట్టూ అంటుకుంటాయి, మిరపకాయకి శనగపిండి పట్టినట్టు. ఇక శరీరానికి మిరపకాయ కనపడదు, పిండే కనపడుతుంది. మందు చేరాల్సిన చోటికి చేరుతుందో, దారిలోనే లివరు పట్టి పారేస్తుందో, అంతా ఆ పిండి చేతిలో ఉంటుంది. ఆ పిండిని ఊడదీసి అందులో ఏమేం ఉన్నాయో చూడటం నా ఉద్యోగం. "ఇంత చదువూ చదివి, ఆస్ట్రేలియా దాకా పోయి, పిండి గీకడమా తల్లీ?" అంటుంది ఆవిడ. నిజానికి అంతే.

ముందు అంటుకున్నవన్నీ చివరిదాకా ఉండవు. రక్తంలో ఎక్కువగా ఉండే ప్రొటీన్లు మొదట ఎగబడతాయి, కాసేపటికి జారిపోతాయి. తక్కువగా ఉన్నా గట్టిగా పట్టుకునేవి వచ్చి వాటి చోట కూర్చుంటాయి. అందుకే రక్తంలో ఎక్కడో అడుగున ఉండే ప్రొటీను కూడా రేణువు మీద పోగుపడి పట్టుబడిపోతుంది. మనిషి మనిషికీ ఆ పోగు వేరుగా ఉంటుంది. ఈ సంగతి పరిశోధనా పత్రాల్లో రాసేటప్పుడు నాకు గర్వంగా ఉండేది. అందులో భయపడాల్సింది కూడా ఉందని ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం దాకా తోచలేదు.

మెల్‌బోర్న్‌లో మా ల్యాబులో ఒక అలవాటు ఉంది. కొత్త రేణువు తయారైతే ముందు మా రక్తమే ఇస్తాం. ఆరుగురం వరసగా కూర్చుంటే నర్సు వచ్చి తీస్తుంది. ట్యూబుల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ట్యూబులో ఎవరి రక్తం తీసిందో నర్సు రాసిచ్చిన కాగితం మా ప్రొఫెసర్ గదిలో, తాళం వేసిన సొరుగులో ఉంటుంది. ఎవరి నెత్తురు ఎవరిదో మాకు తెలియకూడదని నియమం. కానీ ట్యూబులకి నంబర్లు అంటించేదీ, ఎవరి తర్వాత ఎవరు కూర్చోవాలో వరస రాసేదీ నేనే. నవంబరులో రక్తం ఇచ్చినప్పుడు ఆ వరసలో నాలుగోదాన్ని నేను. కాబట్టి నాలుగో నంబరు ఎవరిదో నియమాలతో పనిలేకుండా నాకు తెలుసు.

రక్తం నుంచి ప్లాస్మా వేరుచేసి ఫ్రీజర్‌లో పెట్టి దాచాం. రేణువులు సరిగ్గా కుదిరేసరికి ఫిబ్రవరి వచ్చింది. ఒక్కో ప్లాస్మాలో రేణువుల్ని కలిపి, గంట ఆగి, కడిగి, వాటికి అంటుకున్న ప్రొటీన్లని ఊడదీసి జెల్ మీద వరసగా పోశాను. జెల్ అంటే జున్నుముక్కలాంటి పలక. కరెంటు పెడితే ప్రొటీన్లు అందులో బరువును బట్టి విడిపోతాయి, రంగు వేస్తే అడ్డగీతల్లా కనపడతాయి. ఆరు వరసలూ దాదాపు ఒకేలా వచ్చాయి. నాలుగో వరసలో మాత్రం కిందివైపు, మిగతావాళ్లకి పల్చటి నీడ ఉన్నచోట, కాటుకతో దిద్దినట్టు ఒక మందపాటి గీత ఉంది.

నా చెయ్యి వణికి ఏదో ఎక్కువ పోసుంటానని మళ్లీ చేశాను. మళ్లీ అదే గీత. ఆ ముక్కని కోసి పక్క బిల్డింగులో ప్రొటీన్లని గుర్తుపట్టే మిషన్‌కి పంపాను. నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది. అది యాంటీబాడీలో ఉండే ఒక చిన్న ముక్క. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది లెక్కలేనన్ని రకాలుగా ఉంటుంది. నాలుగో నంబరులో ఉన్నదంతా ఒకే రకం. అంటే ఎముక మజ్జలో ఎక్కడో ఒకే కణం తన నకళ్లని తానే పెంచుకుంటూ, ఆ ఒక్క ముక్కనే తయారుచేసి రక్తంలోకి వదులుతోందన్నమాట. చాలామందిలో అది ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా పడుంటుంది. కొందరిలో మజ్జ కాన్సర్ అవుతుంది. రెంటిలో నాది ఏదో చెప్పే శక్తి నా జెల్‌కి లేదు.

కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి బాత్రూమ్‌కి వెళ్లి చేతులు కడుక్కున్నాను, అంటుకున్నదేదో కడిగితే పోతుందన్నట్టు. అద్దంలో ముఖం మామూలుగానే ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది.

ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. సరిగ్గా అదే వారం మా పీఆర్‌కి మెడికల్స్ చేయించుకోమని ఉత్తరం వచ్చింది. ఈ దేశంలో శాశ్వతంగా ఉండనివ్వడానికి ముందు ఇంట్లో అందరి ఆరోగ్యమూ చూస్తారు. ఖరీదైన జబ్బు ఒక్కరికి బయటపడితే అందరి కాగితాలూ ఆగిపోవచ్చు. మా ఆయన ఆరేళ్లుగా ఆ ఉత్తరం కోసం కళ్లు కాయలు కాచేలా చూశారు. వెర్రిబీలో ఇల్లు కట్టుకుంటున్నాం, అప్పటికి గోడలు లేచాయి. ఆయన ఆ ఉత్తరం పట్టుకుని వంటింట్లో గంతులేస్తుంటే పప్పు తాలింపు మాడబెట్టి నిలబడ్డాను.

"ఏంటోయ్, నవ్వవేంటి? అయిపోయింది మన పని! సాటర్డే బుక్ చేసేయనా ముగ్గురికీ?"

"ల్యాబులో డెడ్‌లైన్ ఉందండీ. ఇంకో నెల ఆగుదాం."

"ఒక గంట పనే కదా!"

"ఆగుదామన్నానా!" అని అరిచాను. ఆయన ఉత్తరం మడిచి ఫ్రిజ్ మీద పెట్టేశారు. నా కోపం ఆయనకి అలవాటే కాబట్టి భయమని పోల్చుకోలేకపోయారు. మా అమ్మాయి పోల్చుకుంది. ఏడేళ్లది, దానికి జడ వేస్తూ అలాగే ఉండిపోయేదాన్ని. "అమ్మా, వై ఆర్ యూ హోల్డింగ్ సో టైట్?" అనేది. దాని జుట్టు వదిలేసి, ఇది పెద్దమనిషి అయ్యేదాకా ఉంటానా అని లెక్కలు వేసుకునేదాన్ని. నడుం నొప్పి పుడితే ఎముకలు తినేస్తోందనుకున్నాను. మెట్లెక్కితే ఆయాసం, అదీ అదేననుకున్నాను. ఆ మూడు వారాల్లో నాకు రాని రోగలక్షణం లేదు. శనివారం కేరమ్ డౌన్స్ గుడికి వెళ్లి, శివుడి ముందు కళ్లు మూసుకుని ఏం అడగాలో తెలియక నిలబడ్డాను. నాకు జబ్బు లేకుండా చెయ్యమనా, ఉన్నా పీఆర్ వచ్చేదాకా బయటపడకుండా చెయ్యమనా? రెండోదే అడిగాను. అంత దిగజారాను.

మూడో వారంలో ఒక్కరికి చెప్పాను. మా ల్యాబులో సీనియర్ టెక్నీషియన్ ఒకావిడ ఉన్నారు. తెనాలి పక్కనుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చారు. ల్యాబంతా ఆవిడని పేరు పెట్టి పిలుస్తుంది, నేనొక్కదాన్నే ఆంటీ అంటాను. నాకు పైపెట్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఈస్టర్‌కి రిటైరై అంకుల్‌తో కలిసి కారవాన్‌లో దేశమంతా చుట్టాలని అట్లాసు కొని గీతలు పెట్టుకుంటున్నారు. ఆ రోజు లంచ్‌కి రాలేదని నన్ను వెతుక్కుంటూ కోల్డ్‌రూమ్‌లోకి వచ్చారు. చలికి వణుకుతూ ఖాళీ ట్యూబుల పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఏందమ్మాయ్, ఈ ఫ్రీజింగ్‌లో నిలబడి ఏం చేస్తున్నావే? ముఖం చూడు, ఎట్టా పీక్కుపోయిందో. ఇంట్లో ఏమన్నా ప్రాబ్లమా?"

ఏడుపు వచ్చేసింది. నా శాంపిల్‌లో ఇలాంటి గీత వచ్చిందని, రెండుసార్లు చేశానని, మిషన్ కూడా అదే చెప్పిందని వెక్కుతూ చెప్పాను. పీఆర్ గురించీ చెప్పాను. ఆవిడ వాదించలేదు, ఓదార్చలేదు. చేతిలో పెట్టె తీసుకుని పక్కన పెట్టారు.

"ఎన్నాళ్లయింది తెలిసి?"

"మూడు వారాలు."

"మూడు వీక్సా! బుద్ధుందా నీకు? మనం రీసెర్చ్ చేసేవాళ్లం, మనమే ఇట్టా దాచుకుని కూర్చుంటే ఎట్టా? జీపీ డాక్టర్ దగ్గరికి పద. ప్రాపర్ బ్లడ్ టెస్ట్ చేయించుకో. మన జెల్‌కి ఏం తెలుసు? అది డాక్టరు కాదు."

"ఉందని తేలితే ఆంటీ?"

"తేలితే తేలుద్ది. ఉన్నది నువ్వు చూడకపోతే లేకుండా పోద్దా? రేపు ఆఫ్టర్‌నూన్ నేను లీవ్ పెడతా, నేనే తీసుకెళ్తా."

తీసుకెళ్లారు. డాక్టరమ్మకి నీరసంగా ఉంటోందని చెప్పి, ఫలానా పరీక్ష రాయమని నేనే అడిగాను. ఆవిడ వింతగా చూసి రాసిచ్చింది. రక్తం తీస్తున్నంతసేపూ ఆంటీ నా రెండో చెయ్యి పట్టుకున్నారు. ఫలితం రావడానికి వారం పట్టింది. ఆ వారం గురించి రాయడానికి ఏమీ లేదు. అన్నం మింగుడు పడేది కాదు, అంతే.

మళ్లీ ఇద్దరం వెళ్లాం. డాక్టరమ్మ స్క్రీన్ మీద కాసేపు చూసి, అన్నీ నార్మల్, ఐరన్ మాత్రం కొంచెం తక్కువ, పాలకూర తిను అంది. ఇంకోసారి చూడమన్నాను. ఇంకోసారి చూసి అదే చెప్పింది. బయట కార్ పార్కింగులో ఆంటీ నన్ను కావలించుకున్నారు. నేను ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆకలి తెలిసింది. ఏదైనా తిందాం ఆంటీ, నేను తినిపిస్తాను అంటూ కారెక్కాను. అప్పటికప్పుడు మా ఆయనకి "సాటర్డే మెడికల్స్ బుక్ చేసేయండి" అని మెసేజ్ పెట్టాను కూడా.

ఆంటీ కారు స్టార్ట్ చేయలేదు. ఏదో లెక్క కుదరనప్పుడు ల్యాబులో ఎలా కూర్చుంటారో అలా కూర్చున్నారు.

"బ్లడ్ టెస్ట్ క్లీన్. మరి జెల్ మీద అది ఎట్టా వచ్చిందే? రెండుసార్లు చేశానన్నావు. మిషన్ కూడా చెప్పిందన్నావు."

"ఏమో ఆంటీ. ఏదో పొరపాటు."

"ఏ నంబరు నీది?"

"నాలుగు."

"నాలుగని ఎవరు చెప్పారు? లిస్టు బాస్ దగ్గర కదా ఉండేది."

"వరస రాసింది నేనే కదా ఆంటీ. నేను నాలుగోదాన్ని."

ఆవిడ నావైపు తిరిగారు. "ఆ రోజు నువ్వు ఉపవాసం ఉన్నావు" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. కార్తీక సోమవారం. ఏమైనా తిన్నావా అని నర్సు అడిగితే లేదన్నాను. ఏమీ తినకుండా రక్తం ఇస్తే కళ్లు తిరుగుతాయి, కాస్తేమైనా తిని రా అని కుర్చీలోంచి లేపేసింది. పండు తింటే ఉపవాసం చెడదా అని నేను గునుస్తుంటే ఆంటీ నవ్వి, "నువ్వెళ్లి అరటిపండు తినిరా, శివుడేం అనుకోడులే, ఈలోగా నేను కూర్చుంటా" అన్నారు. నేను వచ్చేసరికి ఆవిడ చేతికి దూదిపెట్టుకుని లేస్తున్నారు. స్టాండులో ట్యూబులు వరసగా ఉన్నాయి. ఆవిడ కూర్చున్నప్పుడు నర్సు నా వరస కాగితం చూడలేదు, స్టాండులో తర్వాతిదైన నాలుగో ట్యూబు తీసింది. మూడు నెలల తర్వాత నా నోటుపుస్తకంలో మాత్రం నేను ఇంకా నాలుగోదాన్నే.

పార్కింగులో ఎవరో ట్రాలీ తోసుకెళ్తున్న చప్పుడు వినపడింది.

"ఆంటీ, ప్లాస్మా మూడు నెలలు ఫ్రీజర్‌లో ఉంది. ఏదైనా కలిసుండొచ్చు. జెల్ నమ్మడానికి లేదు" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. ఫ్రీజర్‌లో ఉంటే అలాంటి ముక్క పుట్టుకురాదని ఆవిడకి నాకన్నా బాగా తెలుసు.

"ఊఁ" అన్నారు ఆవిడ. ఆపైన, "బ్లడ్ ఇచ్చే ముందు సైన్ చేసే ఫారంలో, ఏదన్నా తేడా వస్తే మీకు చెప్పాలా అని ఒక బాక్స్ ఉంటది చూడు. ప్రతిసారీ వద్దనే టిక్ పెడతా నేను. ఇరవయ్యేళ్ల నుంచీ వద్దనే."

"ఎందుకాంటీ?"

"భయమేసి."

నన్ను కోల్డ్‌రూమ్‌లోంచి లాక్కొచ్చిన మనిషి అన్న మాట అది. ఆవిడ చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. "నువ్వు నాకేం చెప్పలేదులే. నాకు నేనే చెప్పుకున్నా" అన్నారు, నా తప్పు లేదన్నట్టు. తర్వాత కారు స్టార్ట్ చేశారు. ఏమీ తినకుండానే నన్ను ఇంటిదగ్గర దింపేశారు.

మర్నాడు ఇద్దరం ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లాం. ఆయన సొరుగు తాళం తీసి కాగితం చూశాడు. చూసి ఆంటీవైపు తిరిగాడు. నాలుగో నంబరు ఎదురుగా ఎవరి పేరుందో ఆయన చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇలా జరగకూడదు, నేను ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి అన్నాడు. ఆంటీ సరే అన్నారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ డాక్టరు ఊసెత్తలేదు. సెంట్రిఫ్యూజ్ తుడిచారు, సీసాల మీద లేబుళ్లు మార్చారు, మధ్యాహ్నం నాకు గోంగూర పచ్చడి పెట్టారు. నేను అడగబోతే, "ఈ వీక్ బిజీగా ఉందే" అనేవారు. నాకు కోపం వచ్చేది. నన్ను ఈడ్చుకెళ్లిన మనిషి! ఆవిడ నడక చూసేదాన్ని, మెట్ల దగ్గర ఆగితే చూసేదాన్ని. మొన్నటిదాకా నా ఒంట్లో వెతుక్కున్నవన్నీ ఆవిడ ఒంట్లో వెతికాను. ఆవిడ ఇక వెళ్లరేమో, కారవాన్ ఎక్కి దేశం తిరుగుతూ తిరుగుతూ ఎక్కడో ఎముక విరిగి పడిపోతారేమోనని వణికాను. ఐదో రోజు పొద్దున ఎవరి మీద అరుస్తున్నానో కూడా చూసుకోకుండా అరిచాను.

"మీరు రాకపోతే నేనే అపాయింట్‌మెంట్ తీసుకుని, నేనే వెళ్లి మీ డాక్టరుకి చెప్తాను!"

ఆవిడ చేతి గ్లవ్స్ ఊడదీసి బుట్టలో వేశారు. "ఒక్కదాన్నే పోలేనే. నువ్వు రా" అన్నారు. అంకుల్‌కి ఇంకా చెప్పలేదని అప్పుడే తెలిసింది.

వాళ్ల డాక్టరు పెద్దాయన, ఆంటీకి ఎన్నో ఏళ్లుగా తెలిసినాయన. ఏమిటి సంగతి అని అడిగితే ఆంటీ నావైపు చూశారు. నేను చెప్పాను. రేణువు అంటే ఏమిటో, దానిమీద ప్రొటీన్లు ఎలా చేరతాయో, ఆ గీత ఏమిటో, మామూలు పరీక్షలో పట్టుబడొచ్చు, పడకపోవచ్చు కాబట్టి ఏ పరీక్ష రాయాలో, అది తేడాగా వస్తే మజ్జ పరీక్ష ఎందుకు కావాలో, ఏమీ కాకుండా ఉండిపోయే అవకాశం ఎంత ఉందో, వరసపెట్టి చెప్పాను. ఆయన రాసుకుంటూ తలూపాడు. రెండు పరీక్షలు రాసిచ్చి, మిగతావి వాటిని బట్టి చూద్దామన్నాడు. ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే నాకు భయం వేసింది.

బయటికొచ్చి కారులో కూర్చున్నాక ఆంటీ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఎంత క్లియర్‌గా చెప్పావే! ఒక్కచోట కూడా తడుముకోలేదు. నా వల్ల అయ్యేది కాదు." ఆపైన, "ఇంటికి రా అమ్మాయ్. అంకుల్‌కి కూడా నువ్వే చెప్పు" అన్నారు.

నా రక్తమనుకున్న మూడు వారాలూ మా ఆయనతో ఒక్క వాక్యం అనలేకపోయాను. ఆవిడ రక్తమని తేలాక, డాక్టరు ముందు నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. అది ధైర్యమనుకుంటున్నారు ఆవిడ. నాది కాదని తెలిసిన రోజు పార్కింగులో నాకు వేసిన ఆకలి ఇంకా నాలో ఎక్కడో ఉంది. అది ఆవిడ కంట పడుతుందేమోనని కిటికీవైపు తిరిగి, "సరే ఆంటీ, నేనే చెప్తాను" అన్నాను.